మోచేతుల దాకా జారిన చొక్కా

కలిబాయన్,
14 ఆగస్టు 1994.

తమ్ముడు నెస్టోర్‌కి,

నీ సినిమా మా ఊరికి వచ్చి మూడు వారాలైంది. తెర మీద ఎడిటరుగా నీ పేరు పడగానే చేపల మార్కెట్ జనమంతా ఈలలు వేశారట. నేను చూడలేదు, చూడను కూడా. ఇస్కో పడవ ఇంజన్లు బాగుచేసుకుని బతికినవాడు. అతన్ని దొంగరవాణా ముఠా నాయకుడిగా, అతన్ని కాల్చి చంపిన పోలీసు మేజర్ లుంబావోని వీరుడిగా చూపించిన సినిమాకి నా తమ్ముడు పనిచేశాడంటే నాకు అన్నం సయించడం లేదు. పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకున్నారు కాబోలు. ఇస్కో సొరచేప పేరుతో 'నల్ల సొర' అయ్యాడు, మేజర్ 'కెప్టెన్ మగ్తంగోల్' అయ్యాడు. ఊళ్లో ఎవరికి తెలియదు చెప్పు? ఇస్కో భార్య లూసింగ్ ఎండుచేపల బల్ల సరిగ్గా సినిమాహాలుకి ఎదురుగా ఉంటుంది. ఈ మూడు వారాలూ ఆమె ఆ పోస్టరుకి వీపు పెట్టి కూర్చుంటోంది.

ఇది తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదులే. పసింగక్క పోరు పడలేక రాస్తున్నాను. నువ్వామెని చూసి ఉండవు, సెబూ నుంచి వచ్చి నాలుగేళ్లే అయింది. మా బడి పిల్లలకి యూనిఫారాలు కుడుతుంది. మీ హీరో రోమన్ వెర్దే అంటే ప్రాణం. అభిమాన సంఘానికి కార్యదర్శి కూడాను. నీ సినిమా ఇప్పటికి పదకొండుసార్లు చూసింది. మొన్న బట్టల కొలతలకని బడికి వచ్చి, తరగతి గది తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పింది.

"టీచరమ్మా, మా రోమన్ చాలా పెద్ద మోసంలో ఇరుక్కున్నాడు."

"ఏమైంది?"

"ఆ సినిమాలో విలన్ ఎవరనుకుంటున్నారు? నల్ల సొర కాదు. హీరోయే!"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"లెక్కేసి చూశాను. ముఠాకి పెద్ద ఎవరో చెప్తామన్న ముగ్గురు సాక్షులు చచ్చిపోతారా, ముగ్గురికీ కాపలాకి వెళ్లింది కెప్టెనే, అదీ ఒక్కడే. నల్ల సొరేమో గుడిసెలో ఉప్పుతో అన్నం తింటాడు. అంత పెద్ద ముఠా నడిపేవాడికి చేప ముక్క కూడా దొరకదా? కెప్టెన్ చేతికి మాత్రం బంగారు గడియారం! ఇవన్నీ పోనీండి, మొదట్లో నేనూ సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ చివర చొక్కా చూశాక ఇక సర్దిచెప్పుకోలేకపోయాను."

చొక్కా కథ ఇది. చివర్లో నల్ల సొర తుపాకీ గురిపెడతాడట. అప్పుడు వదులుగా ఉన్న అతని చొక్కా చేతులు మణికట్టు దాకా ఉంటాయి. వెంటనే కెప్టెన్ కాలుస్తాడు. పడిపోతున్నప్పుడు చూస్తే రెండు చేతులూ మోచేయి పైదాకా జారి, చెమటకి అతుక్కుని ఉన్నాయట. అంచు కూడా పంట్లాములోంచి పైకి లేచిపోయి ఉందట.

"ముప్ఫై ఏళ్లుగా చొక్కాలు కుడుతున్నాను టీచరమ్మా. రెండు చేతులూ పూర్తిగా పైకెత్తితే తప్ప చొక్కా అలా జారదు. వాడు లొంగిపోయాడు. చేతులెత్తినవాణ్ణి మా రోమన్ కాల్చేశాడు. మీ తమ్ముణ్ణి అడగండి. హీరో విలనని ఆ సినిమా తీసినవాళ్లకి తెలుసా, లేక నాకొక్కదానికే తెలుసా?"

అడిగాను. జవాబు రాయి.

మీ అక్క,
ఫెలీసా.

*

మనీలా,
29 ఆగస్టు 1994.

అక్కా,

నీ కోపం న్యాయమే. నేను ఉద్యోగం చేస్తున్నాను, అంతే. నిర్మాత ఇచ్చిన రీళ్లు అతికించేవాణ్ణి. ఇస్కో గురించి నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? ఈత నేర్పింది ఆయనే కదా.

పసింగక్కకి చెప్పు, అది వట్టి పొరపాటు. ఒక సన్నివేశాన్ని మూడు నాలుగు రోజులు తీస్తారు. పొద్దున ఒకలా ఉన్న చొక్కా సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది. చూసుకోవలసిన మనిషి చూసుకోలేదు. కిందటి సినిమాలో హీరో మీసం గది దాటేసరికి మాయమైంది, దాని గురించి ఎవరూ ఇంత పరిశోధన చేయలేదు. ఇంత కన్ను ఉన్న మనిషి మా స్టూడియోలో ఉంటే బాగుపడేవాళ్లమని చెప్పు.

రోమన్ వెర్దే సంతకం చేసిన ఫోటో ఒకటి పంపుతున్నాను. అది చూసి ఆమె ఈ గొడవ మరిచిపోతుందని నా ఆశ. ఈ సిద్ధాంతాన్ని నలుగురిలో చెప్పొద్దను. ముఖ్యంగా సినిమా పత్రికలకి రాయొద్దను.

ఇక్కడ వానలు. నా దగ్గు మామూలే.

నీ తమ్ముడు,
నెస్టోర్.

*

కలిబాయన్,
2 డిసెంబరు 1994.

నెస్టోర్,

నువ్వు రాయొద్దన్న సంగతి నేను చెప్పేలోపే ఆమె రాసేసింది. పోయిన నెల ఒక సినిమా వారపత్రిక దాన్ని నవ్వుల పేజీలో వేసింది. 'కెప్టెన్‌ని పట్టుకున్న కుట్టుమిషన్' అని శీర్షిక, పక్కన లావుపాటి ఆడమనిషి భూతద్దం పట్టుకున్న బొమ్మ. అభిమాన సంఘం వాళ్లు కార్యదర్శి పదవి పీకేశారు. "పెళ్లికాని ముసలిదానికి మగాడి చొక్కా మీద అంత ధ్యాస ఎందుకో" అని రొట్టెల అంగడి దగ్గర ఒకడంటే అందరూ విరగబడి నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. రొట్టెలు తీసుకుని వచ్చేశాను.

తర్వాత నవ్వులు ఆగిపోయాయి. మేజర్ లుంబావో పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చే మే నెలలో మేయరుగా నిలబడుతున్నాడు. నీ సినిమాని ఊరి మైదానంలో ఉచితంగా వేయిస్తున్నాడు. బొమ్మ అయిపోగానే తనే వేదికెక్కి, హీరో కట్టినట్టే ఎర్ర రుమాలు మెడకి కట్టుకుని చేతులు ఊపుతాడు. జనం చప్పట్లు కొడతారు. పందిమాంసం పొట్లాలు పంచుతారు. ఆ నూనె వాసన నా బట్టల్లోంచి పోవడం లేదు.

మంగళవారం ఇద్దరు మనుషులు పసింగక్క కొట్టుకి వచ్చి, చాలా మర్యాదగా, "అమ్మగారూ, ఇక రాయకండి" అన్నారట. వెళ్తూ వెళ్తూ కుట్టుమిషన్‌ని మెట్ల మీంచి కిందికి తోసేశారు. నేను వెళ్లేసరికి ఆమె చక్రం ముక్కలు ఏరుకుంటోంది.

"ఉత్త సినిమా కథ గురించి రాస్తే నా మిషన్ ఎందుకు విరగ్గొట్టారు టీచరమ్మా?" అని అడిగింది. అప్పుడామె మొహం చూడాల్సింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి జవాబు తెలిసిపోతోంది.

సరిగ్గా ఆ సమయానికి లూసింగ్ వచ్చింది. ఒంటినిండా ఎండుచేపల వాసనతో గుమ్మంలో నిలబడింది. పసింగక్కతో అంతకుముందు ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

"నువ్వీ ఊరికి వచ్చి నాలుగేళ్లేగా?"

"అవును."

"మా ఇస్కోని ఎప్పుడూ చూడలేదుగా?"

"ఇస్కో ఎవరమ్మా?"

లూసింగ్ గడప మీద కూలబడింది. "మా ఆయన. ఆ సినిమాలో నల్ల సొర మా ఆయనే. డైనమైట్‌తో చేపలు పట్టే పడవల దగ్గర మేజర్ మామూళ్లు తింటున్నాడని రాజధానికి అర్జీ పెట్టుకున్నాడు. పెట్టిన పదిరోజులకి ఐసు ఫ్యాక్టరీ ముందు చంపేశారు. తుపాకీతో ఎదురు తిరిగాడని రాశారు. ఏడేళ్లుగా ఇంటింటికీ తిరిగి అడిగాను, ఎవరైనా చూశారా అని. ఒక్కరూ చూడలేదన్నారు. అక్కడ లేనిదానివి, నీకెలా తెలిసింది చేతులెత్తాడని?"

 పసింగక్క గోడ మీంచి నువ్వు పంపిన ఫోటో తీసి, తిప్పి, బోర్లా పెట్టింది.

"చొక్కా చెప్పిందమ్మా" అంది.

నెస్టోర్, నువ్వు దాటేస్తున్నావని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. మీసం కబుర్లు నాకొద్దు. ఆ రెండు బొమ్మల మధ్య ఏముంది? నువ్వేం కత్తిరించావు?

ఫెలీసా.

*

మనీలా,
20 డిసెంబరు 1994.

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ రెండు బొమ్మల మధ్య పదకొండు సెకన్లు ఉన్నాయి. నల్ల సొర తుపాకీ లేకుండా, రెండు చేతులూ పైకెత్తి ఫ్యాక్టరీ గుమ్మంలోంచి నడిచి వస్తాడు. కెప్టెన్ చూస్తాడు. కాలుస్తాడు.

దర్శకుడు రాసుకున్నది అది కాదు. ఆయన రాసింది ఎదురుకాల్పులు. షూటింగ్ నాడు మేజర్ సలహాదారుగా వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనంతోపాటు బీరు బాగా పట్టించాడు. నటుడు తుపాకీతో గెంతుతుంటే మేజర్‌కి నవ్వొచ్చింది. లేచి వెళ్లి, "ఇలాక్కాదురా, నేను చూపిస్తాను" అని తనే ఇస్కోలా నడిచి చూపించాడు. మేం మాటలు తర్వాత స్టూడియోలో పలికిస్తాం కానీ, గుర్తుకోసం అక్కడి చప్పుడు కూడా టేపులోకి ఎక్కిస్తాం. ఆ టేపు నా ఎడిటింగ్ బల్ల మీదికి వచ్చింది. అందులో మేజర్ గొంతు నవ్వుతూ వినిపిస్తుంది: "ఇంకా పైకెత్తు. వాడు ఇంకా పైకెత్తాడు. 'సార్, సార్' అన్నాడు, అది కూడా అను."

దర్శకుడికి భయమేసింది, కానీ పెద్దమనిషి చెప్పాడు కదా అని అలాగే తీశాడు. రెండు వారాల తర్వాత మేజర్ మత్తు దిగి, మంచి సెంటు పూసుకుని నా గదికి వచ్చాడు. రీలు వేసి చూపించాను. నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ నడక తీసెయ్ బాబూ. సినిమా బిగువుగా ఉండాలి" అన్నాడు. "నువ్వు కలిబాయన్ వాడివటగా? మీ అక్కగారు టీచరట. మంచి ఉద్యోగం" అన్నాడు.

తీసేశాను. నా చేత్తోనే కత్తిరించి, అతికించాను. ఆ జిగురు వాసన గోళ్లలోంచి పోక ఆ రోజు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. అన్నం ముందు కూర్చుంటే అదే వాసన. నాకు నేనంటే రోత పుట్టింది అక్కా. అయినా మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా పనికి వెళ్లాను.

ఒక విషయం నువ్వు అడగకముందే చెప్పేస్తాను. చొక్కా అలా జారి ఉన్న ముక్కని నేను కావాలని వదిలిపెట్టానని, ఎవరో ఒకరు కనిపెడతారని చేశానని నువ్వు అనుకోవాలని నాకు ఎంత ఆశగా ఉందో. అది నిజం కాదు. నేనూ ఆ చొక్కా చూశాను. దాన్ని కప్పిపెట్టడానికి వేరే ముక్క కోసం ఒక పూటంతా వెతికాను. దొరకలేదు. ఎవరూ గమనించరులే అనుకున్నాను.

నెస్టోర్.

*

కలిబాయన్,
8 జనవరి 1995.

నెస్టోర్,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీ మొహం తలుచుకోవాలన్నా అసహ్యం వేసింది. నీళ్లలో మునిగిపోకుండా నీ పొట్టకింద చెయ్యి పెట్టి ఈత నేర్పినవాడి చివరి పదకొండు సెకన్లు కత్తిరించి చెత్తబుట్టలో వేశావు. ఇదే రాద్దామని కూర్చున్నాను. కాగితం సగం నిండాక చెయ్యి ఆగిపోయింది.

నేను చూశాను, నెస్టోర్.

ఆ రోజు శనివారం. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ మేడమీద తరగతి గదిలో ఉన్నాను. ఐసు ఫ్యాక్టరీ గుమ్మం ఆ కిటికీలోంచి నేరుగా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలు. మేజర్ ఆడి చూపించినట్టే జరిగింది. ఇస్కో చేతులు తల కంటే పైన ఉన్నాయి. అవి ఇంజన్ నూనె అంటుకుని నల్లగా ఉన్నాయి. పడిపోయాక ఒకడు జీపులోంచి తుపాకీ తెచ్చి పక్కన పెట్టాడు.

లూసింగ్ మా ఇంటికీ వచ్చింది, చంకలో మూడేళ్ల పిల్లతో. "టీచరమ్మా, మీ బడి కిటికీ అటువైపేగా" అంది. శనివారం బడికి వెళ్లలేదని చెప్పాను. కాఫీ ఇచ్చాను. తాగి వెళ్లిపోయింది. ఈ ఏడేళ్లూ ఆవిడ దగ్గరే ఎండుచేపలు కొంటున్నాను. కొనకపోతే అనుమానం వస్తుందని కొన్నాను. ఆ చేపలు వండుకుని తిన్నాను. నీ జిగురు వాసన గురించి నాకు చెప్పకు.

పేరున్న హీరో మీద పిచ్చితో పదకొండుసార్లు సినిమా చూసిన మనిషి, ప్రేమించినవాడే హంతకుడని కనిపిస్తే కళ్లు మూసుకోలేదు. మనిద్దరం చదువుకున్నవాళ్లం.

నేను లూసింగ్ దగ్గరికి వెళ్తున్నాను. ఆ తర్వాత ప్రాసిక్యూటరు దగ్గరికి. నువ్వు ఆ టేపు పట్టుకుని రా. మేజర్ చేసింది మేజర్ నోటితోనే వినిపించాలి.

అక్క.

*

మనీలా,
30 జనవరి 1995.

అక్కా,

టేపు లేదు.

సామాన్ల గదంతా గాలించాను. పని అయిపోయిన టేపుల మీదే మళ్లీ కొత్త సినిమా రికార్డు చేస్తారు, టేపు ఖరీదెక్కువ కదా. దాని పెట్టె దొరికింది, మీద నా రాతే ఉంది. వేసి విన్నాను. ఏదో ప్రేమ సినిమా, వానలో ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. చివరిదాకా విన్నాను, ఎక్కడైనా ఒక్క మాటైనా మిగిలిందేమోనని. లేదు. కత్తిరించిన ఫిల్ము ముక్కలు తగలబెట్టేశారు.

దర్శకుడి ఇంటికి వెళ్లాను. గేటు దగ్గరే నిలబెట్టి, "నాకేం గుర్తులేదు. నీకూ గుర్తుండకపోతే మంచిది" అన్నాడు. ఆ సాయంత్రమే స్టూడియోలో రేపట్నుంచి రావద్దన్నారు.

టేపు లేదు కాబట్టి రానక్కర్లేదని ఒక గంటసేపు అనుకున్నాను. నాకు అలాంటి ఆలోచనలు ఎంత తేలిగ్గా వస్తాయో నీకూ తెలియాలని రాస్తున్నాను.

విన్న చెవులున్నాయి. కత్తిరించిన చేతులున్నాయి. శుక్రవారం ఓడకి బయల్దేరుతున్నాను. రేవుకి ఎవరినీ పంపకు.

నెస్టోర్.

*

కలిబాయన్,
18 జూన్ 1995.

నెస్టోర్,

నువ్వు వాంగ్మూలం ఇచ్చి వెళ్లిన తర్వాత ఇక్కడ జరిగినవన్నీ రాయమన్నావు. మంచీ చెడూ కలిపి రాస్తున్నాను.

ఎన్నికల్లో లుంబావో గెలిచాడు. ముందు ఆ సంగతి మింగు. అభిమాన సంఘం ఊరేగింపు తీసింది. రొట్టెల అంగడి ఆయన నన్ను చూసి కొట్టు కట్టేసే వేళయిందన్నాడు, అప్పుడింకా పొద్దున తొమ్మిది. బడిలో నాకు చిన్న తరగతులు ఇచ్చారు. నా గుమ్మం ముందు రెండుసార్లు కుళ్లిన చేప పేగులు పోశారు.

కానీ ప్రాసిక్యూటరు మన రెండు వాంగ్మూలాలూ పసింగక్క మాటా కలిపి కేసు నిలుస్తుందన్నాడు. ఈ నెల ఆరున అరెస్టు వారంటు వచ్చింది. ప్రమాణ స్వీకారం ఇంకా చేయనే లేదు. పోలీసులు వెళ్లేసరికి మేజర్‌కి గుండెనొప్పి వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో చల్లటి గదిలో ఉన్నాడు, కాపలా మధ్య ద్రాక్షపళ్లు తింటూ. పత్రికల వాళ్ల కోసం ఫోటో తీయించుకున్నాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, నీరసంగా. వీరుడు!  అయినా కోర్టు బెయిలు ఇవ్వలేదు. విచారణ మొదలైంది.

పోయిన గురువారం నన్ను బోనులో నిలబెట్టారు. వాళ్ల లాయరు, "ఏడేళ్లు ఎందుకు మాట్లాడలేదు?" అన్నాడు. "భయం" అన్నాను. "ఇప్పుడు భయం లేదా?" అన్నాడు. "ఉంది" అన్నాను. అతను కాగితాలు మడిచి కూర్చున్నాడు. పసింగక్క తన వంతు వచ్చినప్పుడు ఒక చొక్కా కూడా కుట్టి తెచ్చింది. జడ్జిగారి గుమాస్తాకి తొడిగి, చేతులెత్తించి చూపించింది. రోమన్ వెర్దే సినిమాలు ఇక చూడవా అని అడిగాను. "ఆయన్నేం అంటాం, ఎవరో ఇచ్చిన బట్టలు వేసుకున్నాడు" అంది. కానీ కొత్త సినిమాకి వెళ్లలేదు.

లూసింగ్ సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. జనవరిలో నేను వెళ్లి చూశానని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, కొట్టలేదు. బల్ల పక్కకి తిరిగి ఉమ్మేసింది. "ఏ రోజు వెళ్దాం ప్రాసిక్యూటరు దగ్గరికి?" అంది, అంతే. అప్పట్నుంచి కోర్టు పని తప్ప ఒక్క మాట లేదు.

మొన్న కోర్టు నుంచి వస్తుంటే బస్సులో నా వెనక సీట్లోంచి అంది: "టీచరమ్మా, ఆదివారం మా ఇంటికి రా. మా అమ్మాయికి వాళ్ల నాన్న ఎలా పోయాడో నువ్వే చెప్పు. నేను చూడలేదుగా."

ఆ పిల్ల పేరు మరియెల్. పదేళ్లొచ్చాయి. బడిలో దాన్ని సొరపిల్ల అని పిలుస్తారు, నేను విని ఊరుకున్నాను కూడా. వెళ్లాను. వంటింటి బల్లకి అటు అది, ఇటు నేను. లూసింగ్ పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడింది. అంతా చెప్పాను, చేతుల సంగతి, నూనె సంగతి, మీ నాన్న పరిగెత్తలేదు అని. పిల్ల రెప్ప వేయకుండా వింది.

"అప్పుడు మీరేం చేశారు టీచర్?" అంది.

ప్రాసిక్యూటరు ఇది అడగలేదు. లాయరూ అడగలేదు. నీకూ నేను రాయలేదు.

"ఆయన పడిపోతూ పైకి చూశాడమ్మా. నన్ను చూశాడు. నేను కిటికీ మూసేశాను" అన్నాను.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. మరియెల్ లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను. తన కుర్చీ ఒక మూరెడు వెనక్కి లాక్కుని, నాకు అంత దూరంలో మళ్లీ కూర్చుంది.

"తర్వాత చెప్పండి" అంది.

మీ అక్క,
ఫెలీసా.